నల్లరాయి పబ్బులో సుభద్ర

ఆస్ట్రేలియాలో, పాయింట్ కుక్‌లోని మా ఇంటి నుంచి గ్లెనార్డ్ అనే చిన్న ఊరికి కారులో రెండు గంటల్లో వెళ్ళిపోవచ్చు. మేము మాత్రం బస్సు, లోకల్ రైలు, పెద్ద రైలు, మళ్ళీ బస్సు ఎక్కి వెళ్ళాం. ముందు రోజు సాయంత్రం కాన్‌బెర్రా నుంచి మా అమ్మాయి సాహితి ఫోన్ చేసి ఈ సంగతి మీదే కోప్పడింది.

"నాన్నా, వై డోంట్ యు జస్ట్ డ్రైవ్? అమ్మ కాలు ఇంకా ఫుల్‌గా సెట్ అవ్వలేదు. ఇన్ని చేంజెస్ అవసరమా?"

"కారులో నేను రోడ్డు చూస్తుంటాను, మీ అమ్మ కిటికీ చూస్తుంటుంది. రైల్లో అయితే ఎదురెదురుగా కూర్చోవచ్చు" అన్నాను.

సాహితి "ఓకే. బట్ టెక్స్ట్ మీ ఫ్రమ్ ఎవ్రీ స్టేషన్" అంది.

నా భార్య సుభద్ర ఇక్కడి యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చెప్పేది. బంగారు గనుల రోజుల్లో విక్టోరియా రాష్ట్రంలో కట్టిన ఇళ్ళు, బ్యాంకులు, హోటళ్ళు ఆమె సబ్జెక్టు. ఏటా వసంతంలో పిల్లలందరినీ బస్సెక్కించుకుని గ్లెనార్డ్‌లో ఉన్న ఒక పాత పబ్బుకి తీసుకెళ్ళేది. స్కాట్‌లాండ్ నుంచి బంగారం కోసం వచ్చి, బంగారం దొరక్క రాతిపనికి దిగిన ఒక మేస్త్రి, తన ఊళ్ళో పబ్బులు ఎలా ఉండేవో అలాగే కట్టిన పబ్బు అది. రాత్రి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని అక్కడి కథలు చెప్పేది. నేను నీటి గొట్టాల ఇంజనీరుని. ఇంటికి పునాది, పైకప్పు, డ్రైనేజీ సరిగ్గా ఉంటే చాలనుకునే రకం. అయినా ఆమె చెబుతుంటే వినడం బాగుండేది. అన్నేళ్ళలోనూ నాకు మాత్రం ఆ పబ్బుకి వెళ్ళే వీలు చిక్కలేదు.

ఈ ఏడు ఏప్రిల్‌లో ఆమెకు స్ట్రోక్ వచ్చింది. కుడికాలు చాలావరకు తిరిగొచ్చింది, కుడిచెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన ఇంగ్లీషు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తెలుగు ముక్కలు ముక్కలుగా మిగిలింది. అవి కూడా ఒక్కోసారి ఒకదాని స్థానంలో ఇంకొకటి వచ్చేవి. సంక్షిప్తంగా చెప్పాలంటే, ఏం చెప్పాలో ఆమెకు తెలుసు, దానికి మాట దొరకదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రెండు నెలలకు మా వీధిలోనే ఉన్న స్నేహితుల ఇంట్లో భోజనానికి వెళ్ళాం. సుభద్ర చారులోకి ఉప్పు అడగబోయి "గొడుగు" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ప్రేమగానే నవ్వారు. ఒకావిడ లేచి వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసింది కూడా. సుభద్ర కూడా నవ్వింది. ఆ రోజు నుంచి పదిమందిలో నోరు విప్పడం మానేసింది. క్రమంగా ఇంట్లోనూ మానేసింది. తల ఊపడం, వేలు చూపడం, "ఊఁ" అనడం. స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డులు చూపిస్తే కళ్ళు మూసుకునేది.

పార్కుకి వెళ్దామా అంటే తల అడ్డంగా ఊపేది. గుడికి వెళ్దామా అన్నా అంతే. అక్టోబరు వచ్చింది, ఇక్కడ అది వసంతం. ఒక ఉదయం కాఫీ కలుపుతూ ఏదో తోచి "గ్లెనార్డ్ వెళ్దామా?" అన్నాను. ఈసారి ఆమె తల అడ్డంగా ఊపలేదు. కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రమే పబ్బుకి ఫోన్ చేసి గది మాట్లాడాను.

గురువారం పొద్దున్న ఎనిమిదిన్నరకు మా వీధి చివర బస్సెక్కాం. విలియమ్స్ లాండింగ్‌లో రైలు, ఫుట్‌స్క్రేలో దిగి బల్లారట్ రైలు. ఇద్దరికీ సీనియర్ కార్డులు ఉన్నాయి కాబట్టి సగం చార్జీయే. ఫుట్‌స్క్రే ప్లాట్‌ఫారం మీద గాలి ఎప్పుడూ విసురుగానే ఉంటుంది. వెళ్ళేవాళ్ళు ఎండ చూసి మోసపోకుండా ఒక కోటు పట్టుకెళ్ళండి. రైల్లో నాలుగు సీట్లు ఎదురెదురుగా ఉన్న చోటు దొరికింది.

సన్‌షైన్ దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. మెల్టన్‌లో ఒక పెద్దాయన ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. వెడల్పు టోపీ, బూట్ల నిండా ఎండిన మట్టి.

"బల్లారట్‌లో బంగారం చూడ్డానికా?" అని ఇంగ్లీషులో పలకరించాడు.

"కాదండీ. గ్లెనార్డ్‌లో పబ్బు చూడ్డానికి."

"గుడ్ ఆన్ యా, మేట్. బంగారం కంటే అదే నయం" అన్నాడాయన. సుభద్ర పెదవి చివర కొంచెం కదిలింది.

బాకస్ మార్ష్ దాటాక రైలు గుట్టలెక్కుతుంది. పచ్చిక మీద గొర్రెపిల్లలు, ఆ పైన కనోలా చేలు పసుపు గుడ్డ ఆరేసినట్టు ఉన్నాయి. నేను క్రికెట్ కామెంటరీలాగా కనిపించినవన్నీ చెప్పుకుపోతున్నాను. థెరపిస్టు చెప్పిన పద్ధతి గుర్తొచ్చి ఒక గొర్రెను చూపించి "అదేమిటి?" అన్నాను. సుభద్ర నన్ను ఒక చూపు చూసి మొహం తిప్పుకుంది. పాఠాలు చెప్పిన మనిషిని గొర్రె పేరు అడిగాను. ఆ తర్వాత నేనూ ఊరుకున్నాను.

పదకొండు దాటాక బల్లారట్‌లో దిగాం. స్టేషనే చూడదగ్గ కట్టడం. గడియారం ఉన్న బురుజు కింద బల్ల మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఆమె ఎడమచేత్తో స్పూను పట్టుకుని తినడం నేర్చుకుంది. సగం మెతుకులు పావురాలకు దక్కాయి. గ్లెనార్డ్ బస్సు స్టేషను ముందే ఆగుతుంది. రోజుకి రెండే ఉన్నాయి, చూసుకుని వెళ్ళాలి. డ్రైవరు సుభద్ర నడక చూసి, అడక్కుండానే బస్సును ఫుట్‌పాత్ వైపు ఒంచి, "టేక్ యువర్ టైమ్, లవ్" అన్నాడు.

గ్లెనార్డ్ అంటే ఒకటే పెద్ద వీధి. బేకరీ, పోస్టాఫీసు, మూతపడ్డ బ్యాంకు, వీధి మలుపులో పబ్బు. దూరం నుంచే తెలిసిపోతుంది. ఇక్కడివాళ్ళు బ్లూస్టోన్ అంటారు గాని చూస్తే మన వైపు నల్లరాయే. రెండంతస్తుల గోడలు, ఒక్కో రాయీ చెక్కి పేర్చినది. కిటికీలు చిన్నవి, లోతుగా ఉన్నాయి. చలిని లోపలికి రానివ్వకూడదనుకున్నవాడు పెట్టిన కిటికీలు. పైకప్పు రెండు కొసల్లోనూ గోడ మామూలుగా వాలకుండా మెట్లుమెట్లుగా పైకి వెళ్ళి పొగగొట్టం దగ్గర ఆగింది. ఈ స్కాటిష్ ఒంటికి చుట్టూతా సన్నని ఇనప స్తంభాలతో, జాలీలతో ఒక వరండా తగిలించి ఉంది. అది తర్వాత కట్టిందని సుభద్ర ఇదివరకు చెప్పేది. మేస్త్రికి ఇక్కడి ఎండాకాలాలు రెండు మూడు అనుభవంలోకి వచ్చాక కట్టాడట.

సుభద్ర రోడ్డుకి అవతలే ఆగిపోయింది. నేను తొందర చెయ్యలేదు. పెట్టె పట్టుకుని పక్కన నిలబడ్డాను.

పబ్బు నడిపే ఫియోనా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పొట్టి జుట్టు, గట్టి గొంతు. ఆమె మామగారి తాతల నుంచీ ఆ పబ్బు వాళ్ళదే. సుభద్ర పరిస్థితి ఫోన్‌లో ముందే చెప్పాను.

"ప్రొఫెసర్! ఈ ఏడు పిల్లల్ని ఎక్కడ వదిలేసి వచ్చారు?" అని వాటేసుకుంది. సుభద్ర నవ్వింది. ఫియోనా జవాబు కోసం చూడలేదు గాని, జాలి కూడా పడలేదు. ఎడమచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. మాకు కింద అంతస్తులోనే గది ఇచ్చింది. పై గదులు అందంగా ఉంటాయి గాని మెట్లు బాగా నిలువు, బాత్రూము వసారా చివర. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గదే అడగండి.

మేము టీ తాగుతుంటే వీధిలో ఒక చిన్న బస్సు ఆగింది. ఫియోనా నుదురు కొట్టుకుంది.

"బల్లారట్ నుంచి వాకింగ్ క్లబ్బు వాళ్ళు. ఇవాళే అని మర్చిపోయాను. పబ్బు చూపించాలి. మీరు ఇక్కడే హాయిగా కూర్చోండి. ఏటా ప్రొఫెసర్ చెబుతుంటే బార్ వెనక నిలబడి వినేదాన్ని కదా, ఆ పాఠమే వాళ్ళకి అప్పజెప్పేస్తాను."

ఆమె అటు వెళ్ళగానే సుభద్ర కప్పు పక్కన పెట్టి లేచింది. తన పాఠం ఇంకొకరి నోట ఎలా ఉందో వినాలనుకుందేమో. ఇద్దరం బయటికి వెళ్ళి గుంపు వెనక నిలబడ్డాం. డజను మంది దాకా ఉన్నారు, చాలామంది మా ఈడువాళ్ళే, ఎండ టోపీలు, చేతికర్రలు.

ఫియోనా పైకి చూపించింది. "ఆ మెట్లు చూశారా? పొగగొట్టం శుభ్రం చేసేవాడు ఎక్కడానికి పెట్టారు..."

"కాదు."

ఎవరో అన్నారనుకున్నాను. తెలుగులో అన్నారని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. సుభద్ర చెవులు ఎర్రబడ్డాయి. ఇక లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను.

ఫియోనా గంభీరంగా "నేను తప్పు చెప్పానా, ప్రొఫెసర్?" అంది.

సుభద్ర ఎడమచెయ్యి ఎత్తి గాలిలో ఏటవాలుగా ఒక గీత గీసింది. "రాయి" అంది. ఆగింది. "వాలు... కొయ్యడం... కష్టం." తర్వాత వేళ్ళతో మెట్లు మెట్లుగా చూపించింది. "చదరం. చదరం. పేర్చు."

ఫియోనా నా వైపు చూసింది. గుంపంతా నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పాను: గట్టిరాయిని ఏటవాలుగా కొయ్యడం కష్టం, అందుకని చదరపు రాళ్ళే ఒకదానిమీద ఒకటి వెనక్కి జరిపి పేరుస్తూ వెళ్ళారు. అలా మెట్లు వచ్చాయి. తర్వాత పొగగొట్టాలవాళ్ళు ఎక్కితే ఎక్కి ఉండొచ్చు.

"ఇన్నేళ్ళూ బార్ శబ్దంలో సగమే విన్నానన్నమాట" అంది ఫియోనా. "ప్రొఫెసర్, మీరు ముందు నడవండి. రావ్, మీరు ఆవిడ పక్కన."

అలా ఒక స్కాటిష్ పబ్బు గురించి, ఆస్ట్రేలియా వాళ్ళకి, తెలుగులో పాఠం మొదలైంది.

గుమ్మం దగ్గర సుభద్ర వేలితో కిందకు చూపించి "గడప" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. రాతి గడప నడిమధ్య గిన్నెలాగా అరిగిపోయి ఉంది. ఆ అరుగుదల చూపించి "కాళ్ళు" అంది. దానికి అనువాదం అక్కర్లేకపోయింది. లోపలికి వస్తూ ఒక్కొక్కరూ తమ పాదం ఎక్కడ పడుతోందో చూసుకున్నారు.

లోపల గది నడుమ గుర్రపు నాడాలాగా వంపు తిరిగిన పెద్ద కౌంటరు. సుభద్ర అరచెయ్యి దాని అంచు మీద పెట్టి వంపు వెంబడే మెల్లగా నడిచింది. "మూల... లేదు" అంది.

నేను అప్పటికి కొంచెం హుషారుగా ఉన్నాను. "మూల లేదు. మధ్యలో నిలబడ్డవాడికి తాగేవాళ్ళందరూ కనిపించాలని అలా కట్టారు, ఎవరైనా గొడవ పడితే ముందే తెలుస్తుంది..." అని ఇంగ్లీషులో ధారాళంగా సాగించాను. మోచేతి మీద ఒక దెబ్బ పడింది.

"నేను" అంది సుభద్ర. ఊపిరి తీసుకుంది. "అలా... అన్లేదు."

ఆర్నెల్లలో ఆమె నోట విన్న మొదటి పూర్తి వాక్యం అది.

"ఏమంటున్నారు?" అని ముందు నిలబడ్డ ఆవిడ అడిగింది.

"నేను అలా అన్లేదు అంటోంది."

అందరూ గట్టిగా నవ్వారు. సుభద్ర మొహం వైపు చూశాను. ఆమె కూడా నవ్వుతోంది. నవ్వుతూనే చెక్క అంచు మీద వేలితో తట్టి, "అతుకు లేదు. ఒకటే. ఆవిరి... పట్టి... వంచారు" అంది. ఈసారి ఆమె అన్నంతవరకే చెప్పాను.

కౌంటరు వెనక గోడంతా నల్లటి చెక్కపని. సన్నని స్తంభాలు, వాటి మధ్య కమానులు, కమానుల కింద అరలు, అద్దాలు, పై వరసలో చిన్న చిన్న విస్కీ పీపాలు. దీన్ని స్కాట్‌లాండ్‌లో గాంట్రీ అంటారని ఫియోనా చెప్పింది. ఆ మాట సుభద్ర వందసార్లు పలికి ఉంటుంది. ఇప్పుడు దాని కోసం వెతుకుతోందో, ఇంకోదాని కోసమో, పెదవులు కదులుతున్నాయి.

"దే..." అంది. "దే..."

ఏమనబోతోందో నాకు తెలిసిపోయింది. మాట నా నాలుక చివరకొచ్చింది. ఇందాక ప్రశ్న అడిగినావిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. జోన్ అని తర్వాత పేరు తెలిసింది. సన్నగా, తెల్లగా, నా కంటే పదేళ్ళు పెద్దది.

"మా ఆయనకీ ఐదేళ్ళు ఇలాగే ఉండేది" అంది నాకు మాత్రమే వినపడేలా. "మాట అందించకండి. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అది ఆవిడ మాట."

పక్కగదిలో ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. సుభద్ర కళ్ళు మూసుకుంది, తెరిచింది.

"దేవుడి మందిరం" అంది. "లాగా."

ఇంట్లో దేవుళ్ళను పెట్టుకునే చెక్క మందిరం లాగా ఉందంటోంది అని చెప్పాను. వెనక నుంచి ఒకాయన "మా ఆవిడ ఎన్నాళ్ళ నుంచో అంటున్నది అదే, నా గుడి ఇదేనని" అన్నాడు. ఆయన భార్య ఆయన వీపు మీద చరిచింది.

చివర్లో సుభద్ర మమ్మల్ని కౌంటరు పక్కనే ఉన్న ఒక బుల్లి గది ముందుకు తీసుకెళ్ళింది. నలుగురు కూర్చుంటే నిండిపోయే గది. చుట్టూ మనిషెత్తు చెక్క గోడ, పై భాగంలో పువ్వులు చెక్కిన మసక గాజు. వీధిలోంచి దానికి వేరే తలుపు ఉంది. కౌంటరు వైపు జానెడు కిటికీ, దానికి పక్కకు జరిపే చిన్న తలుపు. పెద్ద గదిలోకి ఆడవాళ్ళు వెళ్ళకూడని రోజుల్లో వాళ్ళు వీధి తలుపు నుంచి ఇందులోకి వచ్చి కూర్చునేవారు. కిటికీ తట్టి గ్లాసు అందుకునేవారు. ఇచ్చేవాడికి చెయ్యి మాత్రమే కనిపించేది. దీన్ని స్నగ్ అంటారు.

సుభద్ర ఆ చెక్క గోడ మీద వేళ్ళు ఆనించి చాలాసేపు నిలబడింది. ఈసారి వెతుకుతున్నట్టు లేదు. ఊరికే చూస్తోంది.

"చాటు" అంది.

నేను అనువదించబోయి ఆగిపోయాను. దాక్కోవడం అందామంటే అందులో భయం ఉంది. తెర అందామంటే అది గుడ్డముక్క. చాటు అంటే ఆ రెండూ కాదు. పిల్లకి పాలిచ్చేటప్పుడు తల్లి వెతుక్కునేది, వానలో గోడవార దొరికేది, ఏడుపు వచ్చినప్పుడు కావలసింది. ఇదంతా ఇంగ్లీషులో చెప్పాలని తడుముకున్నాను. పదిమంది ముందు నాకు మాట దొరకలేదు. సుభద్ర నా వైపు చూస్తూ ఓపిగ్గా నిలబడింది.

చివరికి "దీనికి మీ భాషలో మాట లేదండీ" అన్నాను.

"చాటూ" అని పలికి చూసింది ఫియోనా. "చాటు. బాగుంది. స్నగ్ కంటే ఇదే సరిగ్గా ఉంది."

పాఠం అయిపోయింది. చిన్నగా చప్పట్లు కొట్టారు. మగవాళ్ళు బీర్ల కోసం కౌంటరు చుట్టూ చేరారు. జోన్ రెండు నిమ్మరసం గ్లాసులు పట్టుకుని సుభద్రతో ఆ చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను కౌంటరు అవతలి వైపు కూర్చున్నాను. ఆ జానెడు కిటికీలోంచి నాకు వాళ్ళ చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ముడతలు పడ్డ తెల్లని చేతులు బల్ల మీద ముడుచుకుని ఉన్నాయి. సుభద్ర ఎడమచెయ్యి గాలిలో ఏదేదో గీస్తోంది. ఆవిడ ఇంగ్లీషులో ఏదో అంటుంది, కాసేపాగి సుభద్ర తెలుగులో ఒక మాట అంటుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా వాకింగ్ క్లబ్బు బస్సు హారన్ కొట్టేదాకా మాట్లాడుకున్నారు.

వెళ్తూ జోన్ నాతో "మా ఆయన పేరు తప్ప అన్నీ చెప్పాను. ఆయన పేరు నాకింకా నోట రాదు" అంది. "ఆవిడ ఏదో ఒక మాట రెండుసార్లు అంది. నా చెయ్యి పట్టుకుని. పర్లేదో, ఏదో."

"పర్లేదు అంటే ఇట్స్ ఆల్రైట్" అన్నాను.

"అదే అయి ఉంటుందనుకున్నాను" అంది జోన్.

సాయంత్రం ఏడింటికల్లా గుమ్మడికాయ సూపు, రొట్టె, వేయించిన బంగాళదుంపలతో భోజనం ముగించాం. శాకాహారులకు అక్కడ అంతకంటే ఎక్కువ దొరకదు గాని సూపు వేడిగా, మిరియాలు దండిగా ఉంది. గదిలోకి వచ్చి సాహితికి ఫోన్ కలిపాను. ఎక్కడెక్కడ దిగామో చెబుతున్నాను. సుభద్ర చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుంది.

"సా... హితీ" అంది.

అవతల సాహితి గొంతు సన్నగా వినిపించింది. "అమ్మా... సే ఇట్ అగైన్. ప్లీజ్, మళ్ళీ చెప్పు."

సుభద్ర మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏడ్చుకున్నారు. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను.

శుక్రవారం పొద్దున్న ఫలహారం అయ్యాక బస్సుకి ఇంకా చాలా టైముంది. సుభద్ర నన్ను మళ్ళీ పబ్బంతా తిప్పింది. ఇంకెవరూ లేరు. ఒక్కో చోట ఆగి వేలు చూపించి నా మొహం వైపు చూసేది. "దూలం" అనేవాణ్ణి. తల ఊపేది. "చూరు." ఊపేది. పైకప్పు పలకల మధ్య చెక్కిన ముళ్ళ పువ్వు చూపించింది. అది స్కాట్‌లాండ్ వాళ్ళ పువ్వు. "ముద్దబంతి" అన్నాను. "ఛీ" అంది స్పష్టంగా. ఒక్కో మాటకీ ఆమె దగ్గరా ఆలస్యం ఉంది, నా దగ్గరా ఉంది. రాని మాటలు రెండు మూడు అక్కడే వదిలేసి వచ్చాం.

ఫియోనా గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. వచ్చే వసంతంలో మళ్ళీ వాకింగ్ క్లబ్బు వాళ్ళొస్తారట, ఈసారి ఇంకో రెండు క్లబ్బుల్ని తీసుకొస్తారట. "ఇద్దరూ కావాలి నాకు. ఆవిడ చెప్పాలి, మీరు అతిగా చెప్పకూడదు" అంది.

గ్లెనార్డ్ చూడాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. అక్కడ పెద్దగా ఏమీ లేదు. బేకరీలో ఏపిల్ కేకు బాగుంటుంది. కొండ మీదకి ఒక నడకదారి ఉందన్నారు, మేము వెళ్ళలేదు. పబ్బుకి మాత్రం మధ్యాహ్నం వెళ్ళండి. రెండు, మూడు మధ్య వీధి వైపు మసక గాజులోంచి వెలుగు లోపలికి పడి, ఆ నల్ల చెక్కంతా తేనె రంగుకి తిరుగుతుంది. తాగేవాళ్ళు తాగండి, తాగనివాళ్ళు నిమ్మరసం అడగండి. తొందర లేకుండా కూర్చోండి. ఎక్కడో చలిదేశంలో నేర్చుకున్న పనిని ఒక మనిషి ఈ ఎండలోకి తెచ్చి, సగం పాత పద్ధతిలో, సగం కొత్తగా నేర్చుకుంటూ నిలబెట్టాడు. అది ఇంకా గట్టిగానే ఉంది. నాలాంటి గొట్టాల ఇంజనీరుకి కూడా చేత్తో తడిమితే తెలుస్తుంది.

బల్లారట్‌లో మధ్యాహ్నం రైలు ఎక్కాం. శుక్రవారం కాబట్టి రద్దీగా ఉంది. మా ఎదుటి సీట్లో ఒక అమ్మాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో నర్సింగ్ పుస్తకం. నేను సుభద్రతో "నీళ్ళు కావాలా?" అన్నది విని తలెత్తింది.

"మీరు తెలుగోళ్ళా అంకుల్? నాది కరీంనగర్. ఈడ యూనిలో నర్సింగ్ చేస్తున్న. ఇయాల ఆర్వో షిఫ్ట్... గదే, మధ్యాహ్నం షిఫ్ట్ ఉంది, సన్‌షైన్‌ల దవాఖానల" అంది. పేరు మౌనిక. తెలుగు మాట విన్న సంతోషం మొహం నిండా ఉంది. "ఎటు పోయొస్తున్నరు ఆంటీ?"

ప్రశ్న సుభద్రను అడిగింది. నేను జవాబు చెప్పబోయి నోరు మూసుకున్నాను.

బాలన్ స్టేషను వచ్చింది, పోయింది. మౌనిక ఒకసారి నా వైపు చూసింది. సుభద్ర కుడిచేతిని, ఆమె పెదవుల్ని చూసి, చదువుకున్న పిల్ల కదా, అర్థం చేసుకుంది. ఒక ఇయర్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కల్లు..." అంది సుభద్ర. "కల్లుపాకకి."

మౌనిక కళ్ళు పెద్దవయ్యాయి. "ఏందీ? కల్లుపాకకా ఆంటీ?"

సుభద్ర నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ మాట పొరపాటున రాలేదని, కావాలనే అందని నాకు అప్పుడు తెలిసింది. మౌనిక కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్క వరసలో వాళ్ళు తిరిగి చూశారు.

"అంకుల్, ఏందిది? నిజమేనా?"

"నన్నడక్కు తల్లీ. మీ ఆంటీ చెబుతుంది" అన్నాను.

సుభద్ర ఉండమన్నట్టు ఎడమచెయ్యి ఎత్తింది. కిటికీ బయట కనోలా చేలు అయిపోయి గుట్టలు మొదలయ్యాయి. ఆమె వేలితో రైలు అద్దం మీద ఒక వాలు గీసింది. దాన్ని చెరిపేసి, కింద నుంచి ఒక్కో మెట్టూ వేసుకుంటూ పైకి వెళ్ళింది.

"రాయి" అంది. "నల్ల... రాయి."

మౌనిక రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసేసి, పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకుంది. "నిమ్మళంగ చెప్పండి ఆంటీ. నేను సన్‌షైన్ దాంక ఉంటా."

సన్‌షైన్ ఇంకా చాలా దూరం ఉంది.